బంగారు కంపాసు ఇంటివాడు
ధ్యాన భాగము: యిర్మీయా 32:6–15



యెరూషలేము ముట్టడిలో నున్నప్పుడు యిర్మీయా ఒక పొలము కొని, ఆ క్రయపత్రములను మంటికుండలో పెట్టి బహుదినములు నిలుచునట్లు దాచుమని బారూకునకు ఆజ్ఞాపించెను. పట్టణమే శత్రువుల చేతికి పోవుచుండగా పత్రములెందుకని లోకము అడుగును. దేవుడు మాత్రము వాటిని దాచుమనెను. ఈ భాగము చదువునప్పుడెల్ల బెల్జియము దేశమందలి ఆంట్వెర్ప్ పట్టణములోనున్న ఒక ఇల్లు నాకు జ్ఞాపకము వచ్చును. దానిని గూర్చియు, దాని యజమానుని గూర్చియు ఈ నెల మీకు చెప్పగోరుచున్నాను.

క్రిస్టోఫ్ ప్లాంటిన్ 1520వ సంవత్సర ప్రాంతమున ఫ్రాన్సు దేశములో సామాన్య కుటుంబమున పుట్టెను. చిన్నతనమందే పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనెను. 1549 ప్రాంతమున భార్యతో ఆంట్వెర్ప్‌నకు వచ్చి, అట్టలు కట్టుచు, తోలు పెట్టెలు చేయుచు జీవించెను. ఒక రాత్రి త్రాగి మత్తులైనవారు అతనిని వేరొకడనుకొని కత్తితో పొడిచిరనియు, ఆ గాయము వలన తోలుపని చేయు శక్తి పోగా అచ్చుపనికి దిగెననియు అతని కుటుంబమువారు చెప్పుకొనిరి. 1555లో అతని అచ్చుకూటము నుండి మొదటి పుస్తకము వెలువడెను. కంపాసు గుర్తును తన పుస్తకములపై వేయించి, ఇంటికి బంగారు కంపాసు అని పేరు పెట్టెను. కంపాసుకు ఒక కాలు కదలక నిలుచును, మరియొకటి తిరుగును. నిలిచిన కాలు స్థిరత్వమునకు, తిరుగు కాలు ప్రయాసమునకు గురుతని అతని భావము.

ఆ రెండును అతనికి త్వరలోనే కావలసివచ్చెను. 1562లో అతడు పారిస్‌లో నుండగా, అతని పనివారు కొందరు అధికారులు నిషేధించిన కాల్విను మతపు ప్రార్థన పుస్తకమొకటి అచ్చువేసిరి. దానివలన అతని సామానంతయు వేలమునకు పోయెను. మరుసటి సంవత్సరమే భాగస్తులను కూర్చుకొని తిరిగి ఆరంభించెను.

అచ్చు అక్షరము చేయుట ఆ దినములలో ఎంత ఓపికగల పనియో వినుడి. ఉక్కు కడ్డీ కొనమీద అక్షరమును అద్దములో కనబడునట్లు తిరగవేసి చెక్కుదురు. ఆ కడ్డీని రాగి ముక్కపై కొట్టగా అక్షరము గుంటగా దిగును. ఆ గుంటలో కరిగిన సీసపు మిశ్రమము పోసి ఒక్కొక్క అక్షరము తీయుదురు. ప్రతి గుణింతపు గుర్తునకును ఇదే విధము. ప్లాంటిన్ శ్రేష్ఠులైన పనివారు చెక్కిన అక్షరములను సంపాదించెను. వారిలో గారమండ్, గ్రాంజన్ అనువారు ప్రసిద్ధులు.

1568 నుండి 1573 వరకు అతడు తన జీవితములోని గొప్ప పనిని చేసెను. హెబ్రీ, కల్దీయ, సురియాని, గ్రీకు, లాటిను భాషలలో పరిశుద్ధ గ్రంథమును ఎనిమిది సంపుటములుగా, సుమారు 1,200 ప్రతులు అచ్చువేసెను. స్పెయిను రాజైన రెండవ ఫిలిప్పు పంపిన పండితుడు ఆరియాస్ మొంటానో ఆ పనిని పరిశీలించెను. ప్లాంటిన్ నాలుగవ కుమార్తె మగ్దలేన అప్పటికి పదమూడేండ్ల బాలిక. ఆమె ప్రూఫు కాగితములను మొంటానో బసకు తీసికొనిపోయి, ఆ ఐదు భాషల మూలములను బిగ్గరగా చదువుచుండెనని తండ్రి 1570లో వ్రాసిన ఉత్తరము వలన తెలియుచున్నది. పొల్లును సున్నయు తప్పిపోవని ప్రభువు మత్తయి 5:18లో చెప్పిన సంగతి మనకు తెలియును. ఆ పొల్లును తన కంటితో కాచినవారిలో ఒక చిన్నపిల్లయు నుండెను.

ఈ పని అతనిని అప్పులపాలు చేసెను. 1576 నవంబరు 4న జీతములు లేని స్పెయిను సైనికులు ఆంట్వెర్ప్‌పై పడి దోచి, వేలమందిని చంపిరి. ప్లాంటిన్ తన ఇల్లు కాపాడుకొనుటకు మరల మరల సొమ్ము చెల్లించెను. పదునారు యంత్రములు ఆడినచోట కొన్నియే మిగిలెను. 1583 నుండి రెండేండ్లు లైడెన్ పట్టణమున విశ్వవిద్యాలయపు ముద్రాపకుడుగా నుండి, తిరిగి ఇల్లు చేరి, 1589 జూలై 1న మరణించెను.

అతనిని మచ్చలేనివానిగా చూపుట న్యాయము కాదు. మన విశ్వాసపు పూర్వులను చంపించిన రాజును అతడు సేవించెను. లోలోపల ఒక రహస్య సహవాసముతో సంబంధము పెట్టుకొని, బాహ్యముగా ఏమియు తెలియనీయలేదు. ధైర్యముగా ఒప్పుకొని అగ్నిలో నిలిచినవారితో అతనిని సమానము చేయజాలము. అయినను దేవుడు బలహీనుని చేతి పనిని కూడ వాడుకొనును. ఈ మాట మన హృదయములకును ఆదరణ, హెచ్చరిక కూడ.

అతని అల్లుడు మొరెటస్ వంశమువారు మూడువందల యేండ్లు ఏమియు పారవేయక దాచిరి. ఉక్కు కడ్డీలు, రాగి గుంటలు, ఉత్తరములు, ఏ పనివానికి ఎంత కూలి ఇచ్చిరో వ్రాసిన లెక్కల పుస్తకములు, లోకములో మిగిలిన అచ్చు యంత్రములలో మిక్కిలి పాతవి రెండు అచ్చట నున్నవి. 1876లో ఆ వంశమువారు దానిని పట్టణమునకు అమ్మగా, 1877లో అందరికి తెరువబడెను. 1945 జనవరి 2న బాంబు పడి ఇల్లు దెబ్బతినినను, బాగుచేసి 1951లో తిరిగి తెరచిరి. 2005లో అది ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చబడెను. పేరులేని కూలివాని కూలి కూడ అచ్చట నేటికిని చదువవచ్చును.

ఇది వ్రాయుచు నేను సిగ్గుపడుచున్నాను. నేను మొదట సేవచేసిన గ్రామములో బాప్తిస్మపు పుస్తకమును నేలమీది పెట్టెలో పెట్టి మరచితిని. ఒక వృద్ధురాలు తన కుమారుని పుట్టినదినము చూడవలెనని వచ్చినప్పుడు పెట్టె తెరవగా చెదల మన్ను తప్ప ఏమియు లేదు. ఆమె నన్ను ఒక్క మాటయు అనలేదు. పరవాలేదయ్యగారూ అని వెళ్లిపోయెను. ఆ వెళ్లిపోవుట నేనింకను మరువలేదు.

సంఘపెద్దలారా, ఈ నెలలో మీ సంఘపు పుస్తకములను దింపి దులుపుడి. బాప్తిస్మములు, వివాహములు, సమాధులు, కానుకల లెక్కలు చూడుడి. చిరిగిన పుటలను తిరిగి వ్రాయించుడి. అక్షరములు కుదురుగానున్న పిల్లలకు ఆ పని నప్పగించుడి. మీ మంటికుండ ఏదో చూచుకొని అందులో భద్రపరచుడి. మనము మరచిన పేర్లను ప్రభువు మరువడు. అయినను ఆ పేర్లను వ్రాసి కాచుట ఆయన మన చేతికిచ్చిన కొంచెము పని. ఆ కొంచెములో నమ్మకముగా ఉండునట్లు ఆయన మనకు సహాయము చేయును గాక. ఆమేన్.