ఇటుకరాయికి పేరు పెట్టిన డాక్టరు గారు

పిల్లలూ, సెలవుల్లో కేరళ వెళ్ళినప్పుడు అక్కడి గోడల్లో ఇటుకకన్నా పెద్దగా, బెజ్జాలు బెజ్జాలుగా ఉండే ఎర్రరాళ్ళు గమనించారా? సైన్సు పుస్తకాల్లో దాన్ని లాటరైట్ అంటారు. ఆ పేరు పెట్టిన ఫ్రాన్సిస్ బుకానన్ గారు మనం ఉంటున్న ఈ బ్రిటన్‌లోనే, స్కాట్లండ్‌లో 1762లో పుట్టారు.

ఎడింబరోలో వైద్యం చదివి, ఓడల్లో డాక్టరుగా తిరిగి, 1794లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరారు. మందులకన్నా మొక్కలు, చేపలు, రాళ్ళంటేనే ఆయనకు మక్కువని మాకనిపిస్తుంది. 1799లో టిప్పు సుల్తాన్ పడిపోయాక, చేజిక్కిన నేలలో ఏం పండుతుందో చూసి రమ్మని మరుసటి ఏడాది ఆయన్ని మద్రాసు నుంచి పంపారు. పాలకుల లాభం కోసం చేయించిన సర్వే అది.

మైసూరు పీఠభూమి మీద వానలు తక్కువ. గ్రానైటు గుట్టలు మన హైదరాబాదులో లాగే గట్టిగా నిలబడి ఉంటాయి. కనుమలు దాటి మలబారులో దిగితే రాయే వేరు. అంగాడిపురంలో ఆయన చూసిన రాయి, నేలలోంచి ఇనుప పనిముట్లతో కోసి తీసేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. స్థానికుల భాషలో అది ఇటిక కల్లు. మన ఇటుకే! కల్లంటే రాయి, తాటికల్లు కాదండోయ్. 1807లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఈ మాటను కూడా రాసి, ఇటుకకు లాటిన్ మాటతో లాటరైట్ అని పేరు పెట్టారు. అంటే రాళ్ళు కోసేవాళ్ళ మాటే వేషం మార్చుకుందన్నమాట.

అదెలా తయారవుతుందో తర్వాతి తరాలవారు తేల్చారు. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలచటి ఆమ్లమవుతుంది. అది రాతిలోని ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేడి పెరిగితే ఈ పని వేగం పెరుగుతుంది, చలిలో మందగిస్తుంది. మలబారులో ఎండా ఉంది, ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వానా ఉంది. లక్షల ఏళ్ళలో సున్నం, సోడియం, చాలావరకు సిలికా కొట్టుకుపోయి ఇనుము, అల్యూమినియం మిగిలాయి. ఎరుపంతా ఇనుము తుప్పే. మన విశాఖ మన్యం కొండల మీది బాక్సైటు కూడా ఇలా వాన కడిగి మిగిల్చినదే.

1815లో ఇండియా వదిలేటప్పుడు, ఏళ్ళ తరబడి వేయించుకున్న బొమ్మలను వెంట తీసుకెళ్ళడానికి గవర్నర్ జనరల్ ఒప్పుకోలేదు. అయినా 1822లో గంగానది చేపల మీద పుస్తకం తెచ్చారు. మనం పులుసు పెట్టుకునే బొచ్చె, శీలావతి చేపల శాస్త్రీయ నామాల పక్కన హామిల్టన్ అని కనిపిస్తే ఈయనే. తల్లిగారి ఇంటిపేరు అది. 1829లో స్కాట్లండ్‌లోనే కన్నుమూశారు. 1979లో అంగాడిపురంలో నిలిపిన స్మారకాన్ని ఆ ఎర్రరాతితోనే కట్టారు.