కార్ల్ బాష్

మనము పీల్చు గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నత్రజనియే. పైరునకు ముఖ్యాహారమును నత్రజనియే. అయినను చుట్టునున్న గాలినుండి పైరు దానిని నేరుగా గ్రహింపజాలదు. పంతొమ్మిదవ శతాబ్ది చివర ఐరోపా రైతులు, దక్షిణ అమెరికాలోని చిలీ ఎడారులనుండి ఓడలపై వచ్చు సురేకారమును పొలములకు ఎరువుగా చల్లుచుండిరి. ఆ నిక్షేపములు తరిగినచో జనులకు తిండిగింజలు చాలవని 1898లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విలియం క్రూక్స్ హెచ్చరించెను. గాలిలోని నత్రజనినే ఎరువుగా మార్చు మార్గమును కనుగొనవలసి వచ్చెను. ఆ మార్గమును కర్మాగారమునకు తెచ్చినవాడు కార్ల్ బాష్.

బాష్ 1874 ఆగస్టు 27వ తేదీన జర్మనీ దేశమునందలి కొలోను నగరమున జన్మించెను. తండ్రి నీటిగొట్టములు, గ్యాసుగొట్టములు మున్నగు సామగ్రి అమ్ము వర్తకుడు. బాష్ కళాశాలలో చేరుటకు ముందు ఒక లోహపు కర్మాగారమున కూలివారితోపాటు చేతిపనులు నేర్చెను. పిమ్మట బెర్లిను చెంత షార్లొటెన్‌బర్గులో లోహశాస్త్రమును, యంత్రనిర్మాణమును చదివెను. తరువాత లైప్జిగు విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము నభ్యసించి 1898లో డాక్టరు పట్టము పొందెను. లోహము నెరిగినవానికి రసాయనము తెలియదు, రసాయన మెరిగినవాడు కొలిమి యొద్దకు పోడు. ఈ రెండు విద్యలును ఒక్కనియందు కూడుట ఆ కాలమున అరుదు.

1899లో ఆతడు లుడ్విగ్స్‌హాఫెన్ నగరమున రంగులు తయారుచేయు బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థలో ఉద్యోగియయ్యెను. మరుసటి యేడు ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడైన ఆస్ట్‌వాల్డ్, నత్రజనిని హైడ్రోజనుతో, అనగా ఉదజనితో కలిపి అమోనియా చేసితినని ఆ సంస్థకు తెలిపెను. పరీక్షించు పని యువకుడైన బాష్‌కు అప్పగింపబడెను. ఆతడు ఎన్నిమార్లు చేసినను కొత్తగా అమోనియా పుట్టలేదు. ప్రయోగమునకు వాడిన ఇనుములో ముందే చేరియున్న నత్రజనియే అట్లు వెలువడినదని ఆతడు తేల్చెను. ఆస్ట్‌వాల్డ్ మొదట కినిసెను గాని తుదకు తన హక్కును విడిచెను. అంతటి పెద్దవాని పొరపాటును చూపుటకు కొత్త యుద్యోగికి ఎంత ధైర్యము కావలెనో ఊహింపవచ్చును.

1909లో కార్ల్‌స్రూ నగరమున ఫ్రిట్జ్ హాబర్ ఈ సమస్యను నిజముగా ఛేదించెను. ఆతని చిన్న పరికరమున, గాలి ఒత్తిడికి సుమారు రెండువందల రెట్ల పీడనమున, అయిదారువందల డిగ్రీల వేడిమిలో అమోనియా బొట్టుబొట్టుగా రాలెను. ఆనాటి రైలింజను బాయిలరు భరించు ఒత్తిడి పది పదునైదు రెట్లే. రెండువందల రెట్లని వినినంతనే సంస్థ పెద్దలు వెనుదీసిరి. ఉక్కు పరిశ్రమ శక్తి నెరిగిన బాష్ మాత్రము దీనికి పూనుకొనవచ్చునని పలికెను. భారము ఆతనిపైననే పడెను.

హాబర్ వాడిన ఆస్మియమను లోహము అత్యల్పముగా దొరకునది. దానికి బదులుగా ఇనుమునందు అల్యూమినియము, పొటాషియము సమ్మేళనములను కలిపిన ఉత్ప్రేరకమును బాష్ సహచరుడైన మిట్టాష్ వేలకొలది ప్రయోగములు చేసి కనుగొనెను. కాని అసలు చిక్కు పాత్రయందుండెను. మేలైన ఉక్కుతో చేసిన గొట్టములు సుమారు ఎనుబది గంటలు పనిచేసి పగిలిపోయెను. వానిని కాంక్రీటు గదులలో నుంచుటవలన చుట్టునున్నవారి ప్రాణములు నిలిచెను. పెద్ద కర్మాగారమున ఇట్లు జరిగినచో ఏమగును? ఒత్తిడి హెచ్చగుటచే పగిలినదని ఎవరైనను తలతురు, గొట్టమును ఇంకను దళసరి చేయుదురు. బాష్ అట్లు చేయక పగిలిన ముక్కలను నునుపుచేయించి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. ఉక్కునకు బలమిచ్చునది దానిలోని కర్బనము. ఉదజని అన్ని వాయువులలో తేలికయైనది. మిక్కిలి వేడిలో అది ఉక్కులోనికి దూరి, ఆ కర్బనముతో కలిసి, లోహమును పెళుసుగా చేయుచున్నది. గోడ ఎంత దళసరియైనను లోపలినుండి చెడుట తప్పదు.

కర్బనము లేని మెత్తని ఇనుమును ఉదజని చెరుపలేదు, కాని అది అంత ఒత్తిడికి నిలువలేదు. 1911లో బాష్ ఈ రెండింటికిని పని పంచెను. లోపల పలుచని మెత్తని ఇనుప గొట్టము, వెలుపల బలమైన ఉక్కు తొడుగు. ఒకటి వాయువును తాకును, మరియొకటి ఒత్తిడిని మోయును. ఇనుముగుండ కొంచెము కొంచెముగా ఉదజని ఊరుచునే యుండును గదా! అది తొడుగునడుమ పోగుపడకుండ ఉక్కునకు ఆతడు సన్నని రంధ్రములు తొలిపించెను. ఒత్తిడిగల పాత్రకు కావలయునని రంధ్రములు పెట్టుట వినువారికి వింతగా తోచును. ఊరిన వాయువు వానిగుండ వెలికిపోగా ఉక్కు చెడకుండెను.

పంపుల విషయము కూడ తేలికది కాదు. గాలిని నొక్కు యంత్రమున ముషలకపు కడ్డీచుట్టు కొంత గాలి జారినను హాని లేదు. ఉదజని జారినచో గాలితో కలిసి మండును. అందుచే జారనివియు, నెలల తరబడి ఆగనివియు నైన యంత్రములను కొత్తగా కట్టవలసి వచ్చెను. వాయువునందలి విషమైన కార్బన్ మోనాక్సైడును కడుగుటకు అమోనియా కలిపిన రాగి ద్రావణమును అంత ఒత్తిడిలోను పంపుచేయవలసి యుండెను. ఆ ద్రావణము ఇనుమును తినెను. అమోనియా పాలు హెచ్చింపగా ఆ బాధ తీరెను. ఇత్తడి కుళాయిలను అమోనియా చెరచును గనుక అవి పనికిరావయ్యెను. ద్రవము లోహమునకేమి చేయునని విచారించిన పిదపనే బాష్ యంత్రము నెన్నుకొనెను.

1913 సెప్టెంబరులో ఒప్పావునందు కర్మాగారము నడువసాగెను. నేడు తెలంగాణమునందలి రామగుండములో యూరియాకు వలయు అమోనియా ఈ పద్ధతి వంశములోనిదే. కాని మరుసటి యేడే మహాయుద్ధము వచ్చెను. చిలీ ఓడలు ఆగిపోగా, అమోనియానుండి నత్రికామ్లమును చేయుటకు బాష్ ప్రభుత్వమునకు మాట యిచ్చి 1915లో నెరవేర్చెను. పైరుకై పుట్టినది తుపాకిమందయ్యెను. 1921 సెప్టెంబరు 21న ఒప్పావులోని ఎరువు నిల్వ ప్రేలి అయిదువందలకు పైగా మరణించిరి. గట్టిపడిన ఎరువును చిన్న ప్రేలుడులతో వదులుచేయు అలవాటు దానికి కారణము. మృతుల అంత్యక్రియలలో బాష్ ప్రసంగించెను.

1931లో ఆతనికిని, ఫ్రెడరిక్ బెర్గియసుకును కలిపి నోబెల్ బహుమతి లభించెను. 1933లో అధికారము పొందిన హిట్లరుతో, యూదులైన శాస్త్రజ్ఞులను వెడలగొట్టవలదని ఆతడు వాదించెను; హిట్లరు వినలేదు. ఆ యేడే బాష్ సంస్థ బొగ్గునుండి పెట్రోలు చేయుటకు అదే ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనుటయు మరువరాదు. యూదుడై పుట్టిన హాబర్ దేశము వీడి 1934లో మరణింపగా, ప్రభుత్వమునకు రుచింపకున్నను మరుసటి యేడు జరిగిన సంస్మరణ సభకు బాష్ హాజరయ్యెను.

చివరి దినములలో ఆతడు దిగులుతో కాలము గడపెను. కీటకములను, ఖనిజములను సేకరించుట, నక్షత్రములను చూచుట ఆతనికి ప్రీతి. 1940 ఏప్రిల్ 26న హైడెల్‌బర్గులో కన్నుమూసెను. హాబర్ ప్రయోగము చేసిన కార్ల్‌స్రూలో, 1921 నాటి అమోనియా ఉక్కు పాత్ర యొకటి నేటికిని విద్యాసంస్థ ఆవరణమున నిలిచియున్నది.