సన్నాయిని నమ్ముకున్న షేక్ చినమౌలానా

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పెళ్లి అంటే ముందు వినబడేది సన్నాయే. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ప్రధాన్, తోటి కళాకారులు డోలుతోపాటు పెప్రె ఊదుతారు. అయినా మా హాస్టల్లో ఇంట్లో ఎవరు వాయిస్తారని అడిగితే పిల్లలు తల దించుకుంటారు. ఆ తలలు ఎత్తించాలనే ఈ సంచికకు ఈ జీవితం రాస్తున్నాము. ఈయన గిరిజనుడు కాదు, మన జిల్లావారూ కాదు. కానీ ఆయన చేతిలో ఉన్నది మన పెప్రెకు చుట్టమే.

షేక్ చినమౌలానా 1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టారు. తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం వారిది. తొలి పాఠాలు తండ్రి కాసిం సాహెబ్ దగ్గర, ఆ తరువాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు.

మాకు బాగా నచ్చిన ఘట్టం ఆ తరువాతది. తంజావూరు బాణీకి పేరుపడ్డ టి.ఎన్. రాజరత్నం పిళ్లై నాదస్వరం ఆయన మనసును పట్టేసింది. ఆ బాణీ కోసం కుంభకోణం దగ్గరి నాచ్చియార్‌కోయిల్ వెళ్లి రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ విద్యార్థిగా కూర్చున్నారు. భాష వేరు, ఊరు వేరు, వాయించే పద్ధతీ వేరు. పదో తరగతి తప్పితే మళ్లీ పుస్తకం పట్టని మన పిల్లలు ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి.

నాదస్వరం ఊదడం ఊపిరి పని మాత్రమే కాదు, చేతి పని కూడా. గొట్టం గట్టి కర్రతో చేస్తారు. వేళ్లకు ఏడు రంధ్రాలు, వాటి కింద మరో ఐదు. ఆ కింది వాటిలో కొన్నింటిని మైనంతో మూసి నాదం సరిచేసుకుంటారు. నోటికి పెట్టుకునే పీక రెల్లుజాతి కాడతో చేసింది. అది తడిసి మెత్తబడితేనే పలుకుతుంది, కచేరీ మధ్యలో చీలిపోనూ వచ్చు. వాయిద్యానికి దారంతో వేలాడే అదనపు పీకలను మేము చిన్నప్పుడు అలంకారం అనుకునేవాళ్లం! అవి వాద్యకారుడి మరమ్మతు సామాను.

1960లలో చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డారు. ముస్లింగా ఉంటూనే రంగనాథుడి భక్తుడయ్యారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి వచ్చాయి. 1999 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

బిరుదులకన్నా ఆయన నడిపిన పాఠశాల మాకు పెద్దదిగా కనిపిస్తుంది. శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి శిష్యులను తయారు చేశారు. మనవలు కాసిం, బాబు అదే విద్య చేపట్టారు. శిష్యులైన మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆడపిల్లలు ఊదకూడదనే మాట మా హాస్టల్లో వినబడినప్పుడు కాలీషాబీ పేరు చెబుతున్నాము.

మొన్న సెలవుల తరువాత ఒక పిల్లవాడు తాత పెప్రెను గుడ్డలో చుట్టి తెచ్చాడు. పీక విరిగి ఉంది. కొత్తది కట్టి చూపించడానికి ఆ తాతే వచ్చే ఆదివారం హాస్టల్‌కు వస్తున్నాడు.