నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మ
(ఏప్రిల్ 28న వర్ధంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: అధికారం, పదవి లేని ఒక సామాన్య గృహిణి తన వంటింటిని ఆధారంగా చేసుకుని ఒక ప్రాంతపు ఆకలితో జీవితాంతం పోరాడారు. ఆమె కీర్తిశేషురాలు డొక్కా సీతమ్మ. గోదావరి లంకల్లోని గన్నవరం గ్రామంలో ఆమె ఇంటికి వచ్చిన ఏ బాటసారీ ఆకలితో తిరిగి వెళ్ళలేదని ఆ ప్రాంత ప్రజలు నేటికీ చెప్పుకుంటారు. ఆంధ్రుల అన్నపూర్ణగా పేరొందిన ఆ మహనీయురాలు పరమపదించి శతాబ్దం దాటింది. అయినా భోజన పథకాల నిర్వహణలో ఉన్న అధికారులకు, ఆ పథకాలను పరిశీలించి రాసే పాత్రికేయులకు ఆమె జీవితంలో నేర్చుకోదగిన అంశాలు ఎన్నో ఉన్నాయి.

బాల్యం, వివాహం

సీతమ్మ 1841 అక్టోబరులో మండపేటలో జన్మించారు. తల్లిదండ్రులు అనుపిండి భవానీశంకరం, నరసమ్మ. భవానీశంకరం అడిగినవారికి లేదనకుండా అన్నం పెట్టేవారు. అందువల్ల గ్రామస్తులు ఆయనను బువ్వన్న అని ఆప్యాయంగా పిలుచుకునేవారు. సీతమ్మ చిన్నవయసులోనే తల్లిని కోల్పోయారు. ఇంటి బాధ్యత ఆ లేత చేతుల మీద పడింది. అతిథికి విస్తరి వేయడం, వారి అవసరం కనిపెట్టి వడ్డించడం ఆమెకు తండ్రి ఇంటనే అలవడ్డాయి.

లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న వేదపండితుడు, భూవసతి గల రైతు. ఒకసారి ప్రయాణంలో ఆయన భవానీశంకరం ఇంట ఆతిథ్యం స్వీకరించారనీ, ఆ ఇంటి మర్యాదకు ముగ్ధుడై సీతమ్మను వివాహమాడారనీ చెబుతారు. ఈ విధంగా సీతమ్మ గన్నవరం కోడలుగా వచ్చారు. ఆమె అన్నదానానికి భర్త పొలం ఆధారం, భర్త సమ్మతి అండ అయ్యాయి. ఇందులో జోగన్న పాత్రను విస్మరించరాదు.

నదీతీరంలో ఆకలి

లంకల గన్నవరం గోదావరి పాయలలో ఒకటైన వైనతేయ తీరాన ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తికావడంతో కాలువ నీరు డెల్టా పొలాలకు చేరి, వరి పంట స్థిరపడింది. అయితే కోనసీమ నలువైపులా నీరే. వంతెనలు లేని ఆ రోజుల్లో ప్రయాణమంటే పడవ కోసం రేవులో ఎదురుచూడటమే. గాలి అనుకూలించకపోయినా, నదికి వరద వచ్చినా బాటసారులు గంటల తరబడి ఒడ్డున నిలిచిపోయేవారు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి వెళ్ళే యాత్రికులు, పెళ్ళివారు, కూలి పనులకు వెళ్ళేవారు వేళకాని వేళ గన్నవరం చేరేవారు. కాసులున్నా ఆ సమయంలో భోజనం దొరికే చోటు ఉండేది కాదు. ఈ పరిస్థితిలో సీతమ్మ ఇల్లు వారికి ఆశ్రయమైంది.

ఏ వేళకు ఎందరు వస్తారో తెలియనప్పుడు వేళకు వండి వడ్డించడం సామాన్య విషయం కాదు. పొయ్యి ఆరకూడదు. దంపిన బియ్యం, ఎండిన కట్టెలు, పప్పు, చింతపండు, ఊరగాయ, మజ్జిగ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అర్ధరాత్రి తలుపు తట్టిన శబ్దం వినగానే ఎసరు పెట్టగలగాలి. వర్షాకాలానికి సరిపడా కట్టెలు ముందుగా చేర్చుకోవాలి. దీనిని నేటి భాషలో సరఫరా, నిల్వ, నిర్వహణ అంటాం. ఆ ఇంట అది నిత్యకృత్యంగా సాగింది. వచ్చినవారిని కులం అడిగి పంక్తిని నిర్ణయించే ఆ కాలంలో, ఆకలి ఒక్కటే అర్హతగా ఆమె అన్నం పెట్టారు.

ప్రజల నోట నిలిచిన ఘట్టాలు

సీతమ్మ జీవితంలోని అనేక ఘట్టాలు జనశ్రుతిగా మనకు అందాయి. వాటిలో ఒకటి అంతర్వేది ప్రయాణానికి సంబంధించినది. స్వామి దర్శనం చేసుకోవాలని ఆమె ఎంతోకాలంగా కోరుకుంటున్నప్పటికీ, ఇంటికి వచ్చేవారిని వదలి వెళ్ళలేకపోయారు. చివరకు ఒకనాడు పల్లకీలో బయలుదేరి, దారిలో విశ్రాంతికి ఆగారు. అదే సమయంలో ఆకలితో అలసిన ఒక పెళ్ళిబృందం అటుగా వచ్చింది. ఇంకొంత దూరం ఓర్చుకుంటే గన్నవరంలో సీతమ్మ అన్నం పెడుతుందని పెద్దలు పిల్లలను ఊరడించడం ఆమె చెవిన పడింది. వెంటనే పల్లకీని వెనుకకు తిప్పించి, వారికంటే ముందుగా ఇల్లు చేరి వంటకు ఉపక్రమించారు. దైవదర్శనం ఆగిపోయింది, పెళ్ళివారి ఆకలి తీరింది.

మరొక ఘట్టం గోదావరి వరదలనాటిది. లంకలో చిక్కుకుపోయిన ఒక అభాగ్యుడు ఆకలితో వేసిన కేకలు రాత్రివేళ వినిపించగా, సీతమ్మ అన్నం సిద్ధం చేశారనీ, జోగన్న ఉధృతంగా పారుతున్న నదిలో పడవపై వెళ్ళి అతనికి అందించారనీ చెబుతారు. ఆకలిగొన్నవారు గడప వరకు రాలేనప్పుడు అన్నమే వారి వద్దకు వెళ్ళాలన్నది ఈ ఘట్టం తెలిపే నీతి.

కాలక్రమంలో ఆ కుటుంబ ఆస్తి కరిగిపోయింది. ఇతరుల నుంచి విరాళాలు స్వీకరించడానికి సీతమ్మ అంగీకరించలేదని ప్రతీతి. పొయ్యి మాత్రం ఆరలేదు.

చక్రవర్తి ఆహ్వానం

సీతమ్మ కీర్తి ఆంగ్లేయ ప్రభుత్వం వరకు చేరింది. ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం సందర్భంగా 1903 జనవరిలో ఢిల్లీలో దర్బారు జరిగింది. పట్టాభిషేక ఉత్సవాలకు రావలసిందిగా ఆమెకు ఆహ్వానం అందినట్లు, ఆమె మర్యాదపూర్వకంగా నిరాకరించినట్లు చరిత్రకారులు, గ్రామ పెద్దలు చెబుతూ వచ్చారు. ఆమె రాకపోతే కనీసం ఛాయాచిత్రమైనా పంపాలని పైనుంచి ఆదేశం వచ్చిందట. కీర్తి కోసం అన్నం పెట్టడం లేదని ఆమె మొదట అందుకు ఒప్పుకోలేదు. చిత్రం పంపకపోతే తన ఉద్యోగానికి ముప్పు వస్తుందని వచ్చిన అధికారి వేడుకోవడంతో, ఆయన జీవనోపాధి పోరాదన్న దయతో అంగీకరించారని అంటారు. ఆ నిర్ణయంలోనూ ఎదుటివారి కూటిని గురించిన చింతే కనిపిస్తుంది. 1909 ఏప్రిల్ 28న సీతమ్మ తుదిశ్వాస విడిచారు.

కొలిచి ఇచ్చిన గింజలు, వండి పెట్టిన అన్నం

సీతమ్మ అన్నదానం విలువ తెలియాలంటే ఆనాటి కరువులను గుర్తు చేసుకోవాలి. ఆమె పుట్టుకకు కొద్దికాలం ముందు, 1832-33లో నందన కరువు గుంటూరు సీమను అల్లకల్లోలం చేసింది. ఆమె నడివయసులో, 1876-78 మధ్య ధాత కరువు మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రాణాలను బలిగొంది. ఆనాడు ప్రభుత్వ సహాయ పనుల వ్యయం తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877లో కూలీకి ఇచ్చే రోజు ప్రతిఫలాన్ని ఒక పౌను ధాన్యం, ఒక అణాగా నిర్ణయించారు. అంటే సుమారు 450 గ్రాముల గింజలతో ఒక మగ కూలీ రోజంతా శ్రమించాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది ప్రాణాలు నిలపడానికి చాలదని గట్టిగా వ్యతిరేకించారు. అదే సంవత్సరం ప్రభుత్వం ఆ కొలతను కొంత సడలించక తప్పలేదు.

ఒకవైపు మనిషి చావకుండా ఉండటానికి ఎంత తక్కువ చాలునన్న లెక్క, మరొకవైపు విస్తరి ముందు కూర్చున్నవారు తృప్తిగా లేచేవరకు వడ్డించే చేయి. అయితే ప్రభుత్వ లెక్క లక్షలమందికి సంబంధించినది, సీతమ్మ చేయి ఒక గ్రామానికి పరిమితమైనది. ఒక కుటుంబపు పొలం ఎంత పెద్దదైనా ఒక దేశపు ఆకలిని తీర్చలేదు. డొక్కా వారి ఆస్తి కరిగిపోవడమే ఇందుకు తార్కాణం. కాబట్టి ఆ వంటింటి శ్రద్ధను ప్రభుత్వ వ్యవస్థలోకి తీసుకురావడమే అసలు కర్తవ్యం.

నేటి పథకాలలో

స్వతంత్ర భారతంలో ఈ దిశగా కొన్ని ముఖ్యమైన అడుగులు పడ్డాయి. ప్రాథమిక పాఠశాలల్లో విద్యార్థులకు గింజలకు బదులుగా వండిన భోజనం ఇవ్వాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం 2003 జనవరిలో ప్రారంభమైంది. జాతీయ ప్రమాణాల ప్రకారం ప్రాథమిక తరగతుల విద్యార్థికి 100 గ్రాముల బియ్యంతో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ప్రాథమికోన్నత తరగతుల విద్యార్థికి 150 గ్రాముల బియ్యంతో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలి.

కేలరీల లెక్క కాగితంపై సరిపోయినా, అన్నం ముద్దగానో పలుకుగానో ఉంటే పిల్లలు పళ్ళెంలో వదిలేస్తారు. వదిలేసిన అన్నంలోని పోషకాలు ఎవరికీ చెందవు. ఈ కారణంగానే బియ్యం నాణ్యత విధానపరమైన అంశమైంది. తెలంగాణ ప్రభుత్వం 2015 జనవరి నుంచి వసతి గృహాలకు, మధ్యాహ్న భోజనానికి సన్నబియ్యం సరఫరా చేపట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. 2025 జనవరిలో ఆమె పేరుతోనే ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థులకూ భోజనం ప్రారంభించింది. అంతకుముందే, 2000లో గన్నవరం వద్ద వైనతేయపై ప్రారంభమైన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. ఒకనాడు బాటసారులను నిలిపివేసిన నదిపై నేడు ఆమె పేరుతో కాలువ నీరు ప్రవహిస్తోంది.

హైదరాబాద్‌కు కూడా ఈ విషయంతో సంబంధం ఉంది. 1918లో కూనూరులో ఆరంభమై, 1958లో ఈ నగరానికి తరలివచ్చిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. భారతీయుల ఆహారంలో ఏది ఎంత ఉండాలో చెప్పే ఆ సంస్థ తార్నాకలో, ఉప్పల్, నాచారం ప్రాంతాలకు చేరువలోనే ఉంది. నాచారం పారిశ్రామిక వాడలో పనిచేసే కుటుంబాలు, జవహర్‌నగర్ వంటి బస్తీల పిల్లలు చదివే ప్రభుత్వ పాఠశాలల్లో మధ్యాహ్నం వడ్డించే భోజనమే ఆ శాస్త్రవిజ్ఞానానికి అసలైన పరీక్ష. ఎంత అన్నం పెట్టాలో శాస్త్రం చెబుతుంది. ఎలా పెట్టాలో సీతమ్మ జీవితం చెబుతుంది.

వంట ఏజెన్సీల బిల్లులు సకాలంలో చెల్లిస్తే పొయ్యి ఆరదు. నిల్వ గదికి తడి తగలకుండా చూస్తే బియ్యం చెడవు. తనిఖీకి వెళ్ళిన అధికారి రిజిస్టరుతో సరిపెట్టుకోకుండా పిల్లల పంక్తిలో కూర్చుని భోంచేస్తే రుచి తెలుస్తుంది. వార్త రాసే పాత్రికేయుడు పథకం ప్రారంభోత్సవం నాడే కాక, ఏ హడావుడీ లేని రోజున కూడా వంటగదికి వెళ్ళిరావాలి. వేళకు, వేడిగా, రుచిగా, గౌరవంగా అన్నం అందేలా చూడటమే నిరతాన్నదాత్రికి మనం అర్పించగల సముచితమైన నివాళి.