అబ్రహాం లింకన్

వెట్టి బరువు నెరిగిన మనకు లింకన్ చరిత్రము పరాయిది కాదు. ఆయన 1809 ఫిబ్రవరి 12న కెంటకీలో దుంగల గుడిసెయందు జన్మించెను. బడిచదువు ఏడాదికి మించలేదు. ఎరవు తెచ్చిన పుస్తకములే గురువులు. పిదప న్యాయవాది యయ్యెను.

1860 నవంబరులో నలుగురు పోటీపడిన అధ్యక్ష ఎన్నికలో ఆయన నెగ్గెను. నూటికి 40 ఓట్లైనను రాలేదు. దక్షిణమున పది రాష్ట్రములలో ఒక్క ఓటును పడలేదు. బానిసత్వము క్రొత్త సీమలకు ప్రాకరాదనుటయే ఆయన పట్టు. ఉన్నచోట తొలగింతు ననలేదు. అయినను ఆయన పదవి స్వీకరింపకమునుపే ఏడు రాష్ట్రములు విడిపోయెను. యుద్ధము మొదలైన పిదప మరి నాలుగు.

1863 జనవరి 1న తిరుగుబాటు సీమల బానిసలు స్వతంత్రులని ప్రకటించెను. 1865 ఏప్రిల్ 14న హంతకుని గుండు తగిలి మరునాడు మరణించెను. ఆ డిసెంబరున రాజ్యాంగ సవరణచే బానిసత్వము రద్దయ్యెను.

ఎరవు పుస్తకము ఎంతవానిని చేయునో మన గ్రంథాలయమునకు వచ్చు బాలురు గ్రహింతురు గాక!