దర్జీ ఇంట పుట్టిన గణితవేత్త జోసెఫ్ ఫూరియర్

వీధి చివరనున్న ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం దాని సామర్థ్యానికి లోబడే ఉంటుంది. అయినా అది అనుకున్నదానికంటె ఎక్కువగా వేడెక్కుతుంది. మూడు ఫేజులలోను భారం సమంగానే ఉంటుంది. అయినా న్యూట్రల్ తీగ చేయి పెట్టలేనంతగా కాలుతుంది. కారణం వెదకబూనిన ఇంజనీరు నేడు కంప్యూటరులో ఆ విద్యుత్ వ్యవస్థ నమూనాను నిర్మించి హరాత్మక విశ్లేషణ జరుపుతాడు. ఆ విశ్లేషణకు ఆధారమైన గణితాన్ని లోకానికి అందించిన మహనీయుడు ఏకాంతర విద్యుత్తును కంట చూసి ఎరుగడు. విద్యుదయస్కాంత ప్రేరణను ఫారడే కనుగొన్నది 1831లో. అంతకు ఒక సంవత్సరం ముందే ఆయన కన్నుమూశాడు. ఆయన పరిశోధించినది విద్యుత్తును కాదు, వేడిని. ఆయనే ఫ్రాన్సు దేశీయుడైన జోసెఫ్ ఫూరియర్.

బాల్యం, విద్య

ఫూరియర్ 1768 మార్చి 21న ఫ్రాన్సులోని ఓసేర్ పట్టణంలో ఒక దర్జీ ఇంట జన్మించాడు. పెద్ద కుటుంబం. తొమ్మిదవ ఏట తల్లి, ఆ మరుసటి సంవత్సరమే తండ్రి మరణించారు. దిక్కులేని ఆ బాలుని తెలివిని గుర్తించిన పెద్దలు కొందరు అతనిని ఆ ఊరి సైనిక పాఠశాలలో చేర్పించారు. ఆ పాఠశాలను బెనెడిక్టైన్ సన్యాసులు నడిపేవారు. పదమూడవ ఏట అతనికి గణితంపై మక్కువ కలిగింది. బెజూ రచించిన ఆరు సంపుటాల గణిత గ్రంథాన్ని పద్నాలుగేళ్ళకే పూర్తిచేశాడు. పగలు వాడి పారవేసిన కొవ్వొత్తి ముక్కలను ఏరి దాచుకొని, అందరూ నిద్రించిన తరువాత ఆ వెలుగులో లెక్కలు చేసుకొనేవాడని చెబుతారు.

సైన్యంలోని ఫిరంగి దళంలో చేరాలన్నది అతని కోరిక. ఆనాటి ఫ్రాన్సులో అటువంటి పదవులు కులీనులకే దక్కేవి. దర్జీ కొడుకు ఎంతటి ప్రతిభావంతుడైనా ఆ తలుపు అతనికి తెరుచుకోలేదు. వేరు దారి లేక 1787లో సన్యాసాశ్రమ దీక్షకై ఒక మఠంలో చేరాడు. అక్కడ కూడ మనసు గణితం మీదనే. 1789లో దీక్ష తీసుకొనకుండానే మఠం విడిచి, తాను చదువుకొన్న పాఠశాలకే ఉపాధ్యాయుడుగా తిరిగి వచ్చాడు.

విప్లవపు నీడలో

అది ఫ్రెంచి విప్లవకాలం. పుట్టుకనుబట్టి మనిషి విలువ కట్టే వ్యవస్థ కూలిపోతుంటే ఫూరియర్ వంటివారు సంతోషించడం సహజం. 1793లో ఆయన స్థానిక విప్లవ సంఘంలో చేరాడు. కాని హింసాకాండ మొదలైన తరువాత దానికి బలియవుతున్న వారి పక్షాన మాట్లాడాడు. ఫలితంగా 1794లో ఆయననే చెరసాలలో పెట్టారు. గిలటిన్ కత్తి తప్పదనుకొన్న తరుణంలో, అదే సంవత్సరం జూలై నెలలో, రోబెస్పియర్ పతనమయ్యాడు. ఫూరియర్ విడుదలయ్యాడు.

1795లో పారిస్ నగరంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే నిమిత్తం ఎకోల్ నార్మాల్ అనే విద్యాలయం వెలసింది. దేశం నలుమూలల నుండి ఎంపికై వచ్చిన వారిలో ఫూరియర్ ఒకడు. లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్ వంటి ఉద్దండులు అక్కడ గురువులు. ఆ విద్యాలయం కొద్ది నెలలకే మూతపడినా, గురుశిష్య బంధం మాత్రం నిలిచింది. 1797లో లగ్రాంజ్ ఖాళీ చేసిన ఆచార్య పీఠం ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఫూరియర్‌కు దక్కింది. పదేళ్ళ తరువాత ఆ గురువే తన కృషికి అడ్డు నిలుస్తాడని శిష్యుడు అప్పుడు ఊహించి ఉండడు.

ఈజిప్టు నుండి గ్రెనోబ్ల్‌కు

1798లో నెపోలియన్ ఈజిప్టు దండయాత్రకు బయలుదేరుతూ పండితులను కూడ వెంట తీసుకొనిపోయాడు. వారిలో ఫూరియర్ ఒకడు. కైరోలో నెలకొల్పిన పండిత సంస్థకు ఆయన కార్యదర్శి. 1801లో స్వదేశానికి తిరిగివచ్చి మళ్ళీ పాఠాలు చెప్పుకొందామనుకొన్నాడు. కాని నెపోలియన్ ఆయనను 1802లో గ్రెనోబ్ల్ కేంద్రంగా గల ఇజేర్ మండలానికి పాలనాధికారిగా నియమించాడు. మన లెక్కలో చెప్పాలంటే జిల్లా కలెక్టరు వంటి పదవి.

ఇష్టంలేని కొలువైనా ఫూరియర్ శ్రద్ధతోనే చేశాడు. బూర్గ్వాన్ ప్రాంతపు చిత్తడి నేలలు జ్వరాలకు నిలయాలు. వాటిని ఎండగట్టాలంటే చుట్టుపక్కల గ్రామాలన్నీ ఒప్పుకోవాలి. ఆయన ఓపికగా నచ్చజెప్పి ఆ పని సాధించాడు. గ్రెనోబ్ల్ నుండి టూరిన్ వైపు రహదారి నిర్మాణానికి పూనుకొన్నాడు. ఈజిప్టును వర్ణించే బృహద్గ్రంథానికి పీఠిక వ్రాశాడు. ఇన్ని పనుల నడుమ, మిగిలిన గంటలలో, ఒక ఇనుప కడియాన్ని వేడిచేసి అది ఎలా చల్లారుతుందో కొలుస్తూ కూర్చొనేవాడు.

ఇనుప కడియం నేర్పిన పాఠం

కడియాన్ని ఒకచోట కాల్చి, రంధ్రాలలో ఉష్ణమాపకాలు అమర్చి, వేడి చుట్టూ ఎలా పాకుతుందో చూడాలి. మొదట ఒక ప్రక్క మంట, మరొక ప్రక్క చల్లదనం. ఈ అస్తవ్యస్తమైన ఆకృతిని లెక్కకు లొంగదీయడం ఎలా? ఫూరియర్ దానిని సరళమైన సైన్, కొసైన్ తరంగాలుగా విడదీశాడు. కడియం చుట్టూ ఒకసారి ఎగసి పడే తరంగం ఒకటి, రెండుసార్లు ఎగసి పడేది ఇంకొకటి, మూడుసార్లు ఎగసేది వేరొకటి. ఒక్కొక్క తరంగానికి చల్లారే వేగం వేరు. మొదటిదానికంటె రెండవది నాలుగు రెట్లు, మూడవది తొమ్మిది రెట్లు, ఐదవది ఇరవైఐదు రెట్లు వేగంగా అణగిపోతుంది. దేని లెక్క దానికి విడిగా చేసి, చివరకు అన్నింటినీ కూడితే ఏ క్షణాన కడియంలో ఎక్కడ ఎంత వేడి ఉన్నదో తేలుతుంది. లెక్క చెప్పినది, ఉష్ణమాపకం చూపినది సరిపోయాయి.

ఆయన గణితం సారమంతా ఇదే. చిక్కుపడినదానిని చిన్న తరంగాలుగా విడదీయి, ఒక్కొక్కదానిని వేరుగా లెక్కించు, తిరిగి కూడు.

పదిహేనేళ్ళ నిరీక్షణ

1807 డిసెంబరు 21న ఈ పరిశోధనను ఆయన పారిస్ పండిత పరిషత్తుకు సమర్పించాడు. పరీక్షకులు లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్, లక్రువా. మూలమలుపులున్న ఆకృతిని సైతం నునుపైన తరంగాల మొత్తంగా వ్రాయవచ్చుననడం లగ్రాంజ్‌కు సమ్మతం కాలేదు. యాభై ఏళ్ళ క్రితం కంపించే తీగను గురించి ఆయిలర్, దలంబేర్, బెర్నూలీ మధ్య జరిగిన వాదంలోనే ఆయన దీనిని త్రోసిపుచ్చి ఉన్నాడు. అనంతంగా సాగే ఆ శ్రేణి ఒక నిశ్చితమైన విలువకు చేరుతుందని రుజువు ఏదీ? ఫూరియర్ దగ్గర కొలతలు ఉన్నాయి, సమాధానాలు ఉన్నాయి, ఆ రుజువు మాత్రం పూర్తిగా లేదు. వ్యాసం అచ్చుకు నోచుకోలేదు.

1811 సంవత్సరపు బహుమతికి పరిషత్తు వేడి ప్రసారాన్నే విషయంగా ప్రకటించింది. ఫూరియర్ తన వ్యాసాన్ని విస్తరించి పంపి బహుమతి గెలుచుకొన్నాడు. అయినా వాదంలో బిగువు చాలదన్న విమర్శ దానికి జత చేశారు. ఈ వ్యాసాన్ని కూడ అప్పుడు అచ్చువేయలేదు.

ఇంతలో రాజకీయాలు తలక్రిందులయ్యాయి. 1815లో నెపోలియన్ ఎల్బా ద్వీపం నుండి తిరిగివచ్చినపుడు ఫూరియర్‌ను రోన్ మండలానికి అధికారిగా వేశాడు. ఆయన కొద్దికాలానికే రాజీనామా చేశాడు. నెపోలియన్ పతనంతో కొలువు లేదు, పింఛను లేదు. ఒకనాటి శిష్యుడు షబ్రోల్ అప్పుడు పారిస్‌లో ఉన్నతాధికారి. ఆయన గురువును మరువక గణాంక శాఖలో ఉద్యోగమిచ్చి ఆదుకొన్నాడు. 1816లో విజ్ఞాన పరిషత్తు సభ్యుడుగా ఎన్నుకొంటే రాజు పదునెనిమిదవ లూయీ అంగీకరించలేదు. 1817లో మళ్ళీ ఎన్నుకొన్నారు.

చివరకు 1822లో ఉష్ణ విశ్లేషణ సిద్ధాంతం గ్రంథంగా వెలువడింది. మొదటి వ్యాసం సమర్పించి అప్పటికి సుమారు పదిహేనేళ్ళు. ఆ ఏడే ఆయన పరిషత్తుకు శాశ్వత కార్యదర్శి అయ్యాడు. స్త్రీ అయినందున పరిషత్తు సమావేశాలకు దూరంగా ఉండవలసివచ్చిన గణితవేత్త సోఫీ జెర్మేన్‌కు ప్రవేశం కల్పించినది ఆయనే. 1824లో భూమి ఉష్ణోగ్రతను గురించి వ్రాస్తూ, వాతావరణం వేడిని లోపలికి రానిచ్చినంత సులువుగా బయటికి పోనివ్వదన్న భావాన్ని వివరించాడు. ఈజిప్టు నుండి వచ్చిన నాటి నుండి చలి ఆయనకు గిట్టేది కాదు. ఎప్పుడూ గదిని వెచ్చగా ఉంచుకొని, దళసరి దుస్తులు ధరించేవాడు. 1830 మే 16న పారిస్‌లో మరణించాడు.

లగ్రాంజ్ అడిగిన రుజువును 1829లో జర్మన్ యువకుడు డిరిష్లే ఇచ్చాడు. పారిస్‌లో ఉండగా ఫూరియర్ ప్రోత్సాహం పొందినవాడే ఆయన. ఏయే షరతులకు లోబడినపుడు ఆ శ్రేణి సరియైన విలువకు చేరుతుందో డిరిష్లే నిర్ణయించాడు. అంటే శిష్యుని పద్ధతి నిజమే, గురువు సందేహమూ న్యాయమే.

విద్యుత్ తీగలలో

విద్యుత్తు ఫూరియర్ గణితాన్ని త్వరగానే అందిపుచ్చుకొంది. ఓమ్ 1827లో విద్యుత్ ప్రవాహ నియమాన్ని వేడి ప్రవాహపు పోలికతో రూపొందించాడు. తరువాతి కాలంలో కెల్విన్‌గా పేరొందిన విలియం థామ్సన్ చిన్న వయసులోనే ఫూరియర్ గ్రంథం చదివి, ఆ గణితాన్నే సముద్రగర్భ తంతి తీగలకు అన్వయించాడు.

నేటి సంగతికి వద్దాం. మన దేశంలో ఏకాంతర విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. నీళ్ళు కాచే హీటరు వంటి పరికరం ఆ తరంగపు నునుపును చెడగొట్టదు. కంప్యూటర్లు, యూపీఎస్‌లు, ఎల్‌ఈడీ దీపాలు, మోటారు వేగాన్ని మార్చే డ్రైవులు మాత్రం విద్యుత్తును తునకలు తునకలుగా లాగుకొంటాయి. ఆ వికృతాకృతిని ఫూరియర్ రీతిలో విడదీస్తే 50తో పాటు 150, 250, 350 హెర్ట్జ్ తరంగాలు బయటపడతాయి. ఇవే హరాత్మకాలు, వాడుకలో హార్మోనిక్స్. మూడవ హరాత్మకం మూడు ఫేజులలోను ఒకేసారి ఎగసిపడుతుంది. కనుక న్యూట్రల్‌లో రద్దుకాక మూడూ కూడుకొంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలో ఎడ్డీ ప్రవాహాల నష్టం హరాత్మక సంఖ్య వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ప్రవాహం అంతే ఉన్నా ఐదవ హరాత్మకానికి ఆ నష్టం ఇరవైఐదు రెట్లు. కడియంలో ఐదవ తరంగాన్ని వేగంగా అణచిన సంఖ్యే ఇక్కడ ఇనుమడించి వేడి పుట్టిస్తున్నది.

ఈ విశ్లేషణను కంప్యూటరులో అమర్చే క్రమం కడియపు లెక్కను పోలినదే. మొదట సరఫరా వైపు షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం, ట్రాన్స్‌ఫార్మర్లు, తీగలు, కెపాసిటర్లు, భారాలు అన్నీ నమూనాలో చేర్చి 50 హెర్ట్జ్ వద్ద లోడ్ ఫ్లో సరిచూసుకోవాలి. తరువాత తరంగాన్ని చెడగొట్టే ప్రతి భారమూ ఏ హరాత్మకాన్ని ఎంత శాతం విడుదల చేస్తుందో ఇవ్వాలి. ఆరు పల్సుల రెక్టిఫయరుకు ఆదర్శంగా ఐదవది 20 శాతం, ఏడవది 14.3 శాతం. ఆపై ఒక్కొక్క పౌనఃపున్యానికి వ్యవస్థను విడిగా పరిష్కరించాలి. పౌనఃపున్యం పెరిగిన కొద్దీ చుట్టల అవరోధం పెరుగుతుంది, కెపాసిటరు అవరోధం తగ్గుతుంది. చివరకు అన్ని హరాత్మకాల వర్గాలను కూడి వర్గమూలం తీసి, మూల తరంగంతో పోల్చితే మొత్తం వికృతి శాతం తేలుతుంది. ఒక కిలోవోల్టు మొదలు 69 కిలోవోల్టుల వరకు వోల్టేజీలో ఇది 5 శాతం మించరాదని ఐట్రిపులీ 519 ప్రమాణం సూచిస్తుంది.

ఇక్కడే లగ్రాంజ్ సందేహం గుర్తుకు రావాలి. ఒక సబ్‌స్టేషనులో షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం 100 ఎంవీఏ, కెపాసిటర్లు 4 ఎంవీఏఆర్ అనుకొందాం. 100ను 4తో భాగిస్తే 25, దాని వర్గమూలం 5. సరిగ్గా ఐదవ హరాత్మకం వద్దనే అనునాదం ఏర్పడి, కొద్దిపాటి ప్రవాహమే పెద్ద వోల్టేజీని లేపుతుంది. కెపాసిటర్లు పగులుతాయి, ఫ్యూజులు ఎగిరిపోతాయి. నమూనాలో ఆ కెపాసిటర్లను చేర్చడం మరచితే తెర మీద అనునాదం కనబడదు. సబ్‌స్టేషనులో మాత్రం అది ఉండనే ఉంటుంది. అంతేకాదు, విడివిడిగా చేసి కూడే పద్ధతి రేఖీయ వ్యవస్థకే సరిపోతుంది. భారాలు విడుదల చేసే హరాత్మకాలు వోల్టేజీని బట్టి మారేటట్లయితే ఆ సమాధానాన్ని ఉజ్జాయింపుగానే గ్రహించాలి. అనుభవజ్ఞులు అందుకే తెర మీది అంకెను మీటరు కొలతతో సరిచూడనిదే నమ్మరు.

ఫూరియర్ తన లెక్కను ఉష్ణమాపకంతో సరిచూసుకొన్నాడు. గురువు కాదన్నా కొలతను విడువలేదు. విమర్శ వచ్చినపుడు అలిగి మానక, వ్యాసాన్ని విస్తరించి మళ్ళీ పంపాడు. కులీనుడు కానందున ఫిరంగి దళానికి పనికిరాడన్న దర్జీ కొడుకు పేరు పారిస్ ఈఫిల్ టవరుపై చెక్కిన డెబ్బైరెండు పేర్లలో ఒకటి. ప్రపంచమంతటా విద్యుత్ తీగ వేడెక్కినపుడెల్లా కారణం వెదికేవారు ఆశ్రయించేది ఆయన గణితాన్నే.