మస్కట్ ఒడ్డున ఒక బిషప్

మస్కట్‌లో ఉండే మన తెలుగువాళ్ళలో చాలామందికి రూయీ చర్చి ఆవరణ తెలుసు. శుక్రవారం వస్తే అక్కడ ఇంగ్లీషు, మలయాళం, తమిళం, తెలుగు... ఎన్ని భాషల్లో ఆరాధనలు జరుగుతాయో! కానీ పాత మస్కట్ దగ్గర, పడవలో వెళ్ళి చేరుకునే ఒక చిన్న ఒడ్డున, కొండల మధ్య ఉన్న సమాధుల సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. వాటిలో ఒకటి బిషప్ థామస్ వాల్పీ ఫ్రెంచ్‌ది. ఆయన కథ చదివిన రోజున నాకు కొంచెం సిగ్గేసింది. ఎందుకో చివర్లో చెబుతాను.

ఫ్రెంచ్ 1825 జనవరి 1న ఇంగ్లండులోని బర్టన్-ఆన్-ట్రెంట్‌లో పుట్టాడు. రగ్బీ స్కూల్లో, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నాడు. అక్కడే ఉండిపోతే హాయిగా జీవితం గడిచిపోయేది. కానీ చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1850లో ఆగ్రాకు బయలుదేరాడు. ఈ సొసైటీ మనకి కొత్తదేమీ కాదు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌లను మచిలీపట్నం పంపినది ఇదే. బందరు నోబుల్ కాలేజీ పేరు వినని కృష్ణా జిల్లా వాళ్ళుండరు కదా! ఆగ్రాలో ఫ్రెంచ్ మొదలుపెట్టిన సెయింట్ జాన్స్ కాలేజీ కూడా ఈరోజుకీ నడుస్తోంది.

ఆయనకు భాషల పిచ్చి. ఉర్దూ, పర్షియన్, పంజాబీ, పష్తో, అరబిక్... ఒక్కొక్కటీ పట్టుబట్టి నేర్చుకున్నాడు. ఏడు భాషల పాదరీ అని జనం పేరు పెట్టారు. ఎదుటివాడి భాషలో మాట్లాడలేనివాడు ఎదుటివాడి మనసుతో ఏం మాట్లాడతాడు?

1854లో ఆగ్రాలో ఒక పెద్ద వాదం జరిగింది. ఒక పక్క జర్మన్ మిషనరీ ఫాండర్, ఆయనకు తోడుగా ఫ్రెంచ్. మరో పక్క మౌలానా రహ్మతుల్లా, డాక్టర్ వజీర్ ఖాన్. యూరప్ పండితులు బైబిలు మీద రాసిన విమర్శలను కూడా చదువుకుని వచ్చారు ముస్లిం పక్షం వాళ్ళు. మిషనరీలు దానికి సిద్ధంగా లేరు. చూసినవాళ్ళలో చాలామంది పైచేయి మౌలానాదే అనుకున్నారు. విశ్వాసం ఉంటే చాలదు, ఎదుటివాడు ఏం చదివాడో కూడా తెలుసుకోవాలని ఈ ఘటన చెబుతుంది.

1857 తిరుగుబాటు రోజుల్లో ఆగ్రాలోని తెల్లవాళ్ళంతా కోటలోకి చేరారు. భారతీయ క్రైస్తవులను మాత్రం లోపలికి రానివ్వలేదు. వాళ్ళను రానివ్వకపోతే తానూ బయటే ఉంటానని ఫ్రెంచ్ గట్టిగా నిలబడ్డాడు. అధికారులు దిగివచ్చి తలుపులు తెరిచారు. నన్నడిగితే ఆయన చేసిన ప్రసంగాలన్నిటికంటే పెద్ద ప్రసంగం ఇదే.

1870లో లాహోర్‌లో వేదాంత పాఠశాల పెట్టాడు. పాఠాలు ఇంగ్లీషులో కాదు, ఉర్దూలో! ఈ దేశంలో క్రైస్తవ్యం ఇంగ్లీషువాడి కోటు తొడుక్కుని తిరగకూడదని ఆయన పట్టుదల. 1877లో లాహోర్‌కు మొదటి బిషప్ అయ్యాడు. పదేళ్ళు తిరిగి తిరిగి ఆరోగ్యం పాడయ్యాక, 1887లో ఆ పదవి వదిలేశాడు.

ఇక్కడిదాకా మామూలు కథే. అరవై దాటిన మనిషి, రాజీనామా ఇచ్చేశాడు. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోవాలి. కానీ ఆయన అరేబియా వెళతానన్నాడు! ఏ సొసైటీ పంపలేదు, ఏ జీతమూ లేదు. దారిలో ఓడ మీద శామ్యూల్ జ్వేమర్ అనే అమెరికన్ కుర్రాడు కలిశాడు. అప్పుడు జ్వేమర్‌కు ఇరవై మూడేళ్ళు, ఈయనకు అరవై ఆరు.

1891 ఫిబ్రవరిలో మస్కట్‌లో దిగాడు. వెంట వచ్చిన మిత్రుడు కొన్నాళ్ళకు వెళ్ళిపోయాక ఒంటరిగా మిగిలాడు. మస్కట్, మత్రా వీధుల్లో ఎక్కడ నీడ దొరికితే అక్కడ కూర్చుని, వచ్చినవాళ్ళకు అరబిక్‌లో సువార్త చదివి వినిపించేవాడు. కొందరు తిట్టి పొమ్మన్నారు. కొందరు కూర్చోబెట్టి విన్నారు. ఆయన దేన్నీ దాచుకోలేదు, ఎవరినీ మోసగించలేదు. తానెవరో, ఎందుకొచ్చాడో అందరికీ తెలుసు.

వేసవి ముదిరాక, లోపలి ప్రాంతాలకు వెళ్ళాలని పడవలో సీబ్ చేరాడు. మన విమానాలు దిగేది ఆ చుట్టుపక్కలే. అక్కడి ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఏసీ లేని కాలం మరి! వడదెబ్బ తగిలి పడిపోతే మస్కట్‌కు తీసుకొచ్చారు. 1891 మే 14న కన్నుమూశాడు.

లెక్కలు వేసే మన ఇంజనీరు బుద్ధికి ఇది విఫలమైన ప్రాజెక్టు. మూడు నెలల శ్రమ, చూపించడానికి ఏమీ లేదు. కానీ 1893లో ఆ ఓడ మీది కుర్రాడి తమ్ముడు పీటర్ జ్వేమర్ మస్కట్ వచ్చాడు. తర్వాత డాక్టర్ షారన్ థామ్స్ మత్రాలో వైద్యం మొదలుపెట్టాడు. 1913లో టెలిఫోన్ తీగ లాగుతూ స్తంభం మీంచి పడి చనిపోయాడు. ఆయన కొడుకు వెల్స్ థామ్స్ 1939లో తిరిగి వచ్చి, 1970 వరకూ ఒమనీలకు వైద్యం చేశాడు. తరువాత సుల్తాన్ ఖాబూస్ చర్చిలు కట్టుకోవడానికి స్థలమిచ్చారు. శుక్రవారం మనం పాడుకునే పాటల వెనక ఇంత చరిత్ర ఉంది.

ఇక నా సిగ్గు సంగతి. అమెరికాలో ఎమ్మెస్ చేసేటప్పుడు, తర్వాత ఉద్యోగంలో, అన్నం ముందు ప్రార్థన చేసుకోవాలంటే చుట్టూ చూసేవాడిని. తల వంచితే ఎవరేమనుకుంటారోనని ఫోను చూస్తున్నట్టు నటించేవాడిని. నన్నెవరూ ఆపలేదు, నా భయమే ఆపింది.

ఫ్రెంచ్‌లా వీధిలో కూర్చుని చదవమని నేననడం లేదు. ఈ దేశపు చట్టానికి హద్దులున్నాయి. అతిథులుగా వాటిని గౌరవించాలి. కానీ నువ్వెవరివని అడిగితే దాచకుండా చెప్పడానికి, అన్యాయం జరిగినచోట పక్కవాడితో పాటు గుమ్మం బయట నిలబడటానికి, ఎదుటివాడి భాషా నమ్మకమూ శ్రద్ధగా తెలుసుకోవడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

ఇప్పుడు ఆఫీసు క్యాంటీన్‌లో తల వంచే ప్రార్థన చేసుకుంటున్నాను. పక్కన కూర్చునే ఒమనీ మిత్రుడు నేను కళ్ళు తెరిచేదాకా ఆగి, అప్పుడు బిస్మిల్లా అని తను మొదలుపెడతాడు. ఇద్దరం కలిసి తింటాం.